ఊరి బడిని నిలుపుకొనుట



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభదినమున పుస్తకములను గూర్చి చెప్పుట ఉచితము. కాని పుస్తకము చదువువాడు తయారగునది బడిలో. ఆ బడిలో పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. కావున నేను బడిని గూర్చియే మనవి చేసెదను.

ఉమ్మడి రాష్ట్రమున 2003 జనవరి నుండి బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము వండి పెట్టుట మొదలైనది. పుస్తకములు ఉచితముగనే ఇచ్చుచున్నారు. అయినను పిల్లలు నిలుచుట లేదనగా, కొరత అన్నమునందు కాదు, చదువునందు.

ఆ కొరత ఎట్లు కలుగుచున్నదో చూడుడు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లలవరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 90 వరకు ముగ్గురు ఉండవలెను. పిల్లలు తగ్గినచో ఉపాధ్యాయులును తగ్గుదురు. ఉన్న ఇద్దరిలో ఒకరు శిక్షణకో, ఎన్నికల పనికో పోయినచో ఐదు తరగతులును ఒక్కరి నెత్తిన పడును. బడి 5 గంటలు నడచినదనుకొన్నను తరగతికి గంట. అందు తెలుగు, గణితము, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానము ఒక్కొక్కదానికి పావుగంట. ఎంతటి సమర్థుడైనను పావుగంటలో ఏమి చెప్పగలడు? చదువు పలుచబడిన కొలది పిల్లలు పట్టణపు బస్సు ఎక్కుదురు. వారు ఎక్కిన కొలది ఉపాధ్యాయులు తగ్గుదురు.

ఇతరులను నిందించుటకు నాకు నోరు రాదు. నేను బడిపంతులుగా పనిచేసినవాడను. అయినను మా మనుమరాలిని పట్టణపు బడికి పంపుచుండగా వలదనలేదు. ఏ తల్లియు బిడ్డ చదువుతో పందెము వేయదు. కాని ఒక సంగతి ఆలస్యముగా గ్రహించితిని. ఆ బిడ్డతో బడినుండి ఒక పేరు మాత్రమే పోలేదు, అడుగు నోరును పోయినది. మా పిల్ల అచట ఉన్నచో, ఖాళీ పోస్టును గూర్చి కచేరికి పది పర్యాయములు తిరిగియుందును. ఇప్పుడు మిగిలినవారు కూలివారి పిల్లలు. దినకూలి మాని కచేరి మెట్లు ఎక్కుట వారివలన అగునా?

కావున నా మనవి మూడు. మొదటిది తల్లిదండ్రులకు. పాఠశాల యాజమాన్య సంఘములో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెనని, సగము మంది స్త్రీలు కావలెనని చట్టము. సంతకమునకే కాక సమావేశమునకు రండు. గోడలకు రంగు వేసిరా యని కాక, మూడవ తరగతి పిల్ల కూడబలుకుకొనక చదువుచున్నదా యని అడుగుడు. రెండవది, బడిలో పిల్లలు లేని నావంటివారు కచేరికి పోవు పనిని మీద వేసికొనవలెను. మూడవది, ఈ గ్రంథాలయమును వారమునకు రెండు సాయంత్రములు బడిపిల్లలకు విడిచి, వారిచే బిగ్గరగా చదివింపవలెను. ఆ పనికి నేను వచ్చెదను.

జూన్ నెలలో బడి తెరచునప్పుడు మా ఇంట మనుమరాలి మాట మరల ఎత్తెదను. ఏమగునో చెప్పజాలను. ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాడు ఈ బల్లలపై కూర్చుండవలసినవారు నేడు ఆ బడిలో ఉన్నారు. అది మరువకుందుము.