కత్తిసాము నేర్చిన విద్యార్థిని
(మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యార్థి వేతన నిధిని గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. నిధి లెక్కలు కోశాధికారిగారు ఇదివఱకే చదివి వినిపించిరి గనుక మేము మరల ఆ జోలికి పోము. ఒక వనిత చరిత్రము చెప్పి, దానినుండి మా మనవికి వచ్చెదము. ఆమె మన కులమునకు గాని మన దేశమునకు గాని చెందినది కాదు.

ఆమె పేరు లీ కీఫర్. 1994లో అమెరికాయందలి క్లీవ్‌లండ్ నగరమున జన్మించి, కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్‌టన్ పట్టణమున పెరిగినది. తండ్రి మెదడునకు శస్త్రచికిత్స చేయు వైద్యుడు. తల్లి ఫిలిప్పీను దీవులలో పుట్టిన మానసిక వైద్యురాలు. తండ్రి తన చదువు దినములలో డ్యూక్ విశ్వవిద్యాలయపు కత్తిసాము జట్టునకు నాయకుడుగా నుండెను. ఆ విద్యనే ముగ్గురు బిడ్డలకును నేర్పించెను.

కత్తిసాము అనగానే మన పెద్దలకు దసరానాటి గరిడీలు జ్ఞప్తికి వచ్చును. ఇది వేఱు. ఆమె చేపట్టినది ఫాయిల్ అను సన్నని కత్తి. అర్ధ కిలోగ్రాము బరువైనను ఉండదు. అంచు తగిలిన లెక్కకు రాదు. మొన యొక్కటియే తగులవలెను, అదియు మొండెమునకే. ముందుగా దాడికి పూనినవారికి హక్కు కలదు. ఎదిరి ఆ కత్తిని అడ్డుకొని త్రోసినగాని తన వంతు రాదు. ఇరువురి మొనలును ఒక్కసారి తగిలి రెండు దీపములును వెలిగెనేని, హక్కెవరిదో న్యాయనిర్ణేత తేల్చును. పదునైదు పోట్లు ముందుగా పూర్తిచేసినవారు గెలిచినట్లు. చూచువారికి కండ్లు చెదరును గాని, ఆడువారికిది వాదప్రతివాదము వంటిదని మాకు తోచుచున్నది.

నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయమున చదువుచు 2013-2017 సంవత్సరముల నడుమ ఆమె నాలుగుసార్లు అఖిల అమెరికా కళాశాలల పోటీలలో ఫాయిల్ విజేత యయ్యెను. 2017లోనే ప్రపంచ పట్టికయందు ప్రథమస్థానము నందెను. ఒలింపిక్ పోటీలలో మాత్రము అదృష్టము అంత త్వరగా కలిసిరాలేదు. 2012లో లండనునందు అయిదవ స్థానము. 2016లో రియోయందు పదియవ స్థానము. పిమ్మట ఆమె కెంటకీ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో చేరెను. కత్తి మాత్రము విడువలేదు.

కరోనా మహమ్మారి కాలమున అభ్యాసశాలలు మూతపడగా, ఆమెయు, తోటి కత్తిసాము వీరుడును వైద్యవిద్యార్థియు నైన భర్త గెరెక్ మైన్‌హార్ట్‌యు, తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో సాధన చేసిరి. 2021లో టోకియోయందు, అంతకు ముందటి ఒలింపిక్ విజేత రష్యా దేశపు ఇన్నా డెరిగ్లజోవాను 15-13 పోట్లతో ఓడించి స్వర్ణపతకము గొనెను. ఫాయిల్ వ్యక్తిగత పోటీలో స్త్రీలు గాని పురుషులు గాని అమెరికావారెవరును అంతకు మున్ను పొందని పతకమది. 2024లో పారిసునందు తన దేశస్థురాలే యైన లారెన్ స్క్రగ్స్‌పై 15-6 తో మరల గెలిచెను. జట్టు పోటీలోను ఇటలీని 45-39 తో జయించిరి.

ఆటలాడిన పిల్ల చదువు చెడునని మనలో పలువురందురు. వారికి పై వృత్తాంతమే సమాధానము. అయితే ఇచ్చట మఱియొక మాట దాచరాదు. ఆమెకు ఇల్లే కలిసివచ్చినది. గురువు వంటి తండ్రి, ధనము, నేలమాళిగ, అన్నియు ఇంటనే యున్నవి. అవి లేని పిల్ల గతి యేమి?

తెలుగు కుటుంబమున, చెన్నపట్టణమున జన్మించిన భవానీదేవిగారిని చూడుడు. సేబర్ అను కత్తితో ఒలింపిక్ పోటీలకెక్కిన మొదటి భారతీయురాలు ఆమెయే. టోకియోయందు మొదటి పోటీ 15-3 తో గెలిచి, రెండవది 7-15 తో ఓడెను. 2023లో ఆసియా పోటీలయందు కాంస్యపతకము తెచ్చెను. విదేశ ప్రయాణములకై తల్లి తన నగలు కుదువబెట్టవలసివచ్చెను. ఇంకెందఱి తల్లులకు కుదువబెట్టుటకైనను నగలు లేవో!

మన నిధి నిబంధనలను మేము మొదటినుండి తుదివఱకు చదివితిమి. మార్కులు అను మాట అయిదు చోట్ల కనబడినది. ఆట అను మాట ఒక్కచోటనైనను లేదు. చదువుచు ఆటలందు రాణించు బాలికలకు పరికరములకును ప్రయాణములకును నిధిలో కొంత భాగము ప్రత్యేకింపవలెనని మా మనవి. నిబంధన సవరణకు ఈ సభయే చాలును. మఱుసటి యేటివఱకు వాయిదా వేయుట మాకు సమ్మతము కాదు.

స్థలమునకు ధనము వెచ్చింపనక్కఱలేదు. కత్తిసాము బాటకు పదునాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు మించని వెడల్పు చాలును. మన వసతిగృహము వెనుకనున్న సామాను కొట్టును కొలిపించితిమి. పొడవు పదునెనిమిది మీటర్లున్నది. అందున్న విఱిగిన బల్లలు, పాత పందిరి గుంజలు ఎవరివో వారు దయయుంచి ఈ నెల కడపటిలోపల తీసికొనిపోవలయునని ప్రార్థించుచున్నాము.