రాత్రి సంగతి కూడా అడగండి

ఈరోజు డాక్టర్లవుతున్న మీకు, మీ చదువు కోసం ఇన్నేళ్లూ ఎదురుచూసిన మీ అమ్మానాన్నలకు అభినందనలు.

రేపు మీ ఓపీకి ఒక తల్లి వస్తుంది. "వీడికి తిన్నది వంటబట్టడం లేదండీ, బలానికి ఏదైనా రాయండి" అంటుంది. బరువూ ఎత్తూ చూస్తారు. రెండూ వయసుకు తగ్గట్టు ఉండవు. టానిక్ రాయడానికి అర నిమిషం చాలు. రాసేముందు ఒక్కటి అడగండి: "రాత్రిళ్లు గురక పెడతాడా అమ్మా?"

గుర్రుపెట్టే పిల్లాణ్ణి చూసి ఆదమరిచి పడుకున్నాడనుకుంటాం. అందుకే ఆ సంగతి ఏ తల్లీ తనంతట తాను చెప్పదు. అడిగితే మాత్రం ఒక్కొక్కటే బయటికొస్తుంది. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. తలగడ చెమటతో తడుస్తుంది. ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బడిలో కుదురుండదు.

రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్య టాన్సిల్స్, అడినాయిడ్లు గొంతులో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. నిద్రలో కండరాలు సడలితే గాలి దారి ఇంకా ఇరుకవుతుంది. తిన్న తిండి ఇచ్చిన శక్తిలో కొంత ఊపిరి తీయడానికే ఖర్చవుతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. నిద్ర చెదిరితే దానికీ గండి పడుతుందని నిపుణులు భావిస్తున్నారు. టాన్సిల్స్, అడినాయిడ్లు తీసేసే ఆపరేషన్ తర్వాత చాలామంది పిల్లలు బరువు, ఎత్తు పుంజుకోవడం చూస్తున్నాం. బొద్దుగా ఉన్న పిల్లాడికీ ఈ సమస్య రావచ్చు, కాబట్టి ఒళ్లు చూసి మోసపోకండి.

అలాగని గురక అనగానే కత్తి పట్టొద్దు. అమెరికాలో ఇలాంటి 464 మంది పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, ఏడు నెలలకు ఆపరేషన్ జరిగినవారిలో 79 శాతం మందికి నిద్రలో శ్వాస మామూలైంది. ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసిన పిల్లల్లోనూ 46 శాతం మందికి సర్దుకుంది. ఎవరికి ఏది అవసరమో తేల్చడానికే మీ చదువు.

పీహెచ్‌సీలో స్లీప్ ల్యాబ్ ఉండదు. పిల్లాడు పడుకున్నాక ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి తెమ్మనండి. డొక్కలు ఎగరేయడం, ఊపిరి ఆగడం కనిపిస్తే ఈఎన్‌టీ నిపుణుల దగ్గరికి పంపండి.

డాక్టరు చెప్పిన మాట జనం వింటారు. వాళ్లు చెప్పనిది అడిగి తెలుసుకునే డాక్టర్లు కండి.