ఇంటి అద్దె, మన పెన్షను
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి ముందు వక్తలు వివరంగా చెప్పారు. నన్ను అద్దె సంగతి మాట్లాడమన్నారు.

సర్వీసులో ఉన్నన్నాళ్లు హెచ్.ఆర్.ఎ. మన జీతంలో భాగమే. 2021లో అమలైన పి.ఆర్.సి. ప్రకారం హైదరాబాదులో 24 శాతం, మన సిరికొండ వంటి ఊళ్లలో 11 శాతం. రిటైరైన నెల నుంచి అది ఆగిపోతుంది. నా మొదటి పెన్షను కాగితంలో ఆ పద్దు కోసం రెండుసార్లు వెతికాను. ఇంటాయన మాత్రం ఒకటో తారీఖునే వచ్చాడు!

సొంతిల్లున్న వాళ్లకు ఈ బాధ తెలియదు. భర్త పోయి, ఫ్యామిలీ పెన్షను మీద అద్దెకుంటున్న అక్కలను అడగండి. ఏడేళ్ల గడువు దాటాక ఆ పెన్షను ఆఖరి జీతంలో 30 శాతానికి దిగుతుంది. అద్దె దిగదు.

సర్కారు పథకాలు లేవా అంటే, ఉన్నవి ఇల్లు కట్టుకోవడానికి. 2015లో వచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు పేదలకు ఉద్దేశించినవి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలిస్తారు, జాగా మనదై ఉండాలి. 2020లో కేంద్రం తెచ్చిన అద్దె ఇళ్ల పథకం పట్నాలకే.

అమెరికాలో 1974 చట్టంతో వచ్చిన పద్ధతి వేరు. తక్కువ రాబడి కుటుంబం తన రాబడిలో సుమారు 30 శాతం కడితే మిగతా అద్దెను, ఒక హద్దు వరకు, సర్కారే ఇంటి యజమానికి ఇస్తుంది. అక్కడా అర్హులందరికీ అందదు. ఏళ్లకేళ్లు వరుసలో ఉండాలి.

మనకున్నది ఆదాయపు పన్నులో 80జిజి పేరుతో తెలిసిన మినహాయింపు. హెచ్.ఆర్.ఎ. లేనివాళ్లకు, అదీ పాత పన్ను విధానంలోనే, నిర్ణీత ఫారం ఇస్తేనే. మొత్తం ఆదాయం 6 లక్షలు, ఏడాది అద్దె 72 వేలు అనుకోండి. ఆదాయంలో పదోవంతు 60 వేలు తీసేస్తే లెక్కకు వచ్చేది 12 వేలు. ఇక పన్నే కట్టనంత చిన్న పెన్షనున్న అక్కకు దాంతో పైసా లాభం లేదు. అసలు అవసరం ఆమెకే కదా!

సొంతిల్లు లేని ఫ్యామిలీ పెన్షనర్లకు అద్దె భత్యం ఇవ్వాలని తీర్మానం చేద్దామని నా మనవి. అద్దెకుంటున్నవారు తమ పేరు, నెల అద్దె, ఇప్పుడొస్తున్న పెన్షను రాసి, ఉంటే రశీదు జతచేసి కార్యదర్శిగారికి ఇవ్వండి. రాయలేనివారి ఇంటికి నేనే వస్తాను.