పొత్తు వ్యాపారములు, తగవుల పరిష్కారము

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చెన్నపట్టణమున మన తెలుగువారి వర్తకము ఈ పట్టణమంత పాతది. పదునేడవ శతాబ్దిలో కుంపిణీవారికి ముఖ్య వర్తకులై ప్రసిద్ధికెక్కిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్నలు కూడి వ్యాపారము సాగించినవారే. నేటికిని జార్జిటవును వీథులలో అన్నదమ్ములును, బావమరదులును, మిత్రులును పొత్తుగా అంగళ్లు నడుపుచున్నారు. పొత్తు కుదిరిననాడు వ్రాత అడుగుట అవమానమని మనవారి తలంపు. "మనలో మనకు కాగితమెందుకు?" అందురు. ఆ మాట తొలితరమువారికి చెల్లవచ్చును. వారి బిడ్డలకు చెల్లదు. అందుచేత ఈ విషయమును గూర్చి కొంత మనవి చేయదలచితిని.

భాగస్వామ్యములకు ఆధారము 1932 నాటి చట్టము. వ్రాత లేకున్నను భాగస్వామ్యము చెల్లును. అయితే మనము షరతులు వ్రాసికొననిచో చట్టమే వానిని నిర్ణయించును. పెట్టుబడి ఎవరిది ఎంతయైనను లాభనష్టములు సమభాగములు. ఉదయమునుండి రాత్రివరకు అంగడిలో కూర్చున్నవారికి ప్రత్యేకముగా జీతము లేదు. పెట్టుబడికి మించి సంస్థకిచ్చిన సొమ్మునకు సాలుకు నూటికి 6 వంతున వడ్డీ మాత్రము లభించును. వేరు ఒప్పందము లేనిచో ఒక భాగస్వామి మరణముతో పొత్తు రద్దగును. గడువు నిర్ణయింపని పొత్తును ఏ భాగస్వామియైనను వ్రాతమూలకముగా నోటీసిచ్చి రద్దుపరుపవచ్చును. చిరకాలము కలిసి శ్రమించినవారు సయితము ఈ సంగతులను వకీలు గదిలోనే మొదట వినుచుందురు.

రెండవది రిజిస్ట్రేషను. ఇది నిర్బంధము కాదు గనుక పలువురు ఉపేక్షింతురు. కాని రిజిస్టరు కాని సంస్థ, బాకీదారునిపై ఒప్పందమునుబట్టి దావా తెచ్చుటకు 69వ సెక్షను అడ్డుపడును. ఒక భాగస్వామి తన ఒడంబడిక హక్కుకై తోడి భాగస్వామిపై దావా తెచ్చుటకును అదే అడ్డు. పొత్తు రద్దునకును, రద్దయిన పొత్తు లెక్కలకును మాత్రము దారి కలదు. అనగా సంస్థను నిలుపుకొని న్యాయము పొందు తలుపు మూసికొనిపోయి, దానిని విడగొట్టు తలుపు మాత్రమే మిగులును.

విడిపోవునపుడు వ్రాసికొను పత్రమును గూర్చి మన తెలుగు కుటుంబముల వ్యాజ్యమొకటి దేశమంతటికి ప్రమాణమైనది. అద్దంకివారును, భాస్కరవారును చెరిసగము వాటాలతో వడ్లు దంచు మరలు, వేరుసెనగ కాయలు ఒలుచు మరలు నడిపిరి. 1936లో ఒక కుటుంబమువారు కరారు వ్రాసియిచ్చి తప్పుకొనిరి. పిమ్మట తగవు పుట్టి, పొత్తు ఆస్తిలో స్థిరాస్తి యున్నది గనుక రిజిస్టరు కాని కరారు చెల్లదను వాదము వచ్చినది. 1966లో సుప్రీంకోర్టువారు కరారు చెల్లుననిరి. పొత్తు ఆస్తిలో ఫలానా భాగము నాదని ఏ భాగస్వామియు చెప్పజాలడు. బయటి అప్పులు తీర్చి, లెక్కలు తేల్చిన పిదప మిగిలిన దానిలో అతని వాటా సొమ్మే అతని హక్కని నిర్ణయించిరి. ఆనాడు కరారు వ్రాసికొనకయున్నచో ఆ లెక్కలు తేలుట మరెంత కష్టమయ్యెడిదో ఊహింపుడు. వ్రాసికొన్నవారికే కడపటి తీర్పు ముప్పది యేండ్లకు వచ్చినది!

ఇక తగవు వచ్చినపుడేమి చేయవలెను? మధ్యవర్తి తీర్పునకు కట్టుబడుదుమని ఒడంబడికలోనే స్పష్టముగా వ్రాసికొనవలెను. "ఉభయులు అంగీకరించినచో మధ్యవర్తికి అప్పగింపవచ్చును" అను ధోరణిలో వ్రాసిన షరతు మధ్యవర్తిత్వపు ఒప్పందమే కాదని, ఒక భాగస్వామ్య పత్రముపైననే, 2007లో సుప్రీంకోర్టువారు తీర్పిచ్చిరి. తగవు వచ్చినపిదప ఉభయులు అంగీకరించుట అరుదు గదా!

అట్టి షరతు లేనిచో కోర్టే గతి. భాగస్వామ్య తగవులు 2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టము క్రిందికి వచ్చును. దావా విలువ 3 లక్షల రూపాయలకు తక్కువ కానిచో, అత్యవసరపు ఉత్తరువులు కోరు సందర్భమున తప్ప, ముందుగా రాజీ ప్రయత్నము జరిగి తీరవలెనని 2018లో విధించిరి. మన హైకోర్టు ఆవరణలో 2005 నుండియే రాజీ కేంద్రము పనిచేయుచున్నది. అచ్చట బంధుత్వము చెడక తగవు తీరు అవకాశము కలదు. గడువును మాత్రము మరువరాదు. రద్దయిన పొత్తు లెక్కలకై దావా రద్దునాటినుండి 3 సంవత్సరములలో వేయవలెను. పెద్దలు చెప్పుదురని, పండుగ పోనిండని కాలము గడపినచో హక్కే పోవును.

చివరగా మనకే ప్రత్యేకమైన చిక్కొకటి. మన పాత అంగళ్ల చిట్టాలు, ఖాతాలు తెలుగున నున్నవి. మన బిడ్డలలో పలువురు తమిళము, ఇంగ్లీషు చదివి తెలుగు అక్షరము మరచుచున్నారు. తాతగారి చేతివ్రాతలో తమ వాటా యున్నను చదువలేనివారు దానిని నిరూపించుటెట్లు? కావున ఏటేట లెక్క ముగించి, నిలువను భాగస్వాములందరు చూచి సంతకములు చేయుడు. ఇంటి పిల్లలకు ఆ ఖాతాలు చదువ నేర్పుడు. ఒడంబడిక లేనివారు, స్నేహము చక్కగా నున్న ఈ దినములలోనే దానిని వ్రాసికొనుడు. తగవు పుట్టిన తరువాత ఒక్క పంక్తి వ్రాయుటకైనను ఇరువురు ఒక్కచోట కూర్చుండరు.