పన్నుకు ఉద్యోగి, సెలవుకు పరాయిది

(స్త్రీల పని, హక్కులు అన్న అంశంపై జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అవుట్‌సోర్సింగ్ పనిలో ఉన్న స్త్రీలను కలిసినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు ఎవరి ఉద్యోగులు?" వార్డు ఊడ్చే ఆమె ఆస్పత్రి పేరు చెబుతుంది. ఆస్పత్రి వాళ్లు ఏజెన్సీ పేరు చెబుతారు. ఏజెన్సీ టెండరు కాగితం చూపిస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు కోసం మనం కార్మిక చట్టాలనే తిరగేస్తాం. పన్నుల చట్టం జోలికి పోం. అది ఆడిటర్ల వ్యవహారమని వదిలేస్తాం. అలా వదిలేయడం వల్ల మనకు జరిగే నష్టం గురించే ఇవాళ మాట్లాడదలచుకున్నాను. ఇందుకు బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. పన్ను నియమం ఒక్కటి మారితే ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్ల స్థితి ఎలా తారుమారవుతుందో అక్కడ స్పష్టంగా కనిపించింది.

ముందుగా ఒక మాట. మన దగ్గర కాంట్రాక్టరంటే మనుషుల్ని సరఫరా చేసేవాడు. అక్కడ కాంట్రాక్టరంటే పనిచేసే మనిషే. డాక్టరో, నర్సో, కంప్యూటర్ నిపుణురాలో తన పేర ఒక చిన్న కంపెనీ పెట్టుకుంటుంది. ప్రభుత్వ సంస్థ ఆమెకు జీతం ఇవ్వదు, ఆ కంపెనీకి బిల్లు చెల్లిస్తుంది. దీనివల్ల ఆమెకు పన్ను కొంత తగ్గుతుంది. సంస్థకూ లాభమే. యజమానిగా కట్టవలసిన జాతీయ బీమా చందా మిగులుతుంది. సెలవులు, ప్రసూతి జీతం, పింఛను ఇవ్వవలసిన పని ఉండదు.

కంపెనీ ముసుగు తీసి చూస్తే ఉద్యోగిలాగే పనిచేస్తున్నవాళ్లు ఉద్యోగిలాగే పన్ను కట్టాలని 2000 ఏప్రిల్‌లో 'ఐఆర్ 35' అనే నియమం తెచ్చారు. ఎవరు ఏ కోవకు వస్తారో తేల్చుకునే బాధ్యత మొదట్లో పనిచేసేవాళ్లదే. 2017 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ రంగంలో ఆ నిర్ణయాన్ని పని చేయించుకునే సంస్థకు అప్పగించారు. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా సంస్థలకూ దీన్ని వర్తింపజేశారు.

ఒక్కొక్కరి పని ఎలాంటిదో విడిగా పరిశీలించాలంటే ఓపిక కావాలి. పొరపాటు జరిగితే బకాయి మెడకు చుట్టుకుంటుందన్న భయం సంస్థలది. అందుకని చాలాచోట్ల అందరినీ ఒకే గాటన కట్టారు. ప్రభుత్వ ఆరోగ్య సేవలో మూడొంతుల మందికి పైగా సిబ్బంది స్త్రీలే. అక్కడి పర్యవేక్షక సంస్థ 2017 ఫిబ్రవరిలో తాత్కాలిక సిబ్బందినందరినీ ఉద్యోగుల కిందే లెక్కగట్టమని ఆస్పత్రులకు చెప్పింది. దాన్ని చట్టపరంగా సవాలు చేశాక, మే నెలాఖరుకు మాట మార్చుకుని ఎవరి సంగతి వారిది విడిగా చూడాలంది. ఈలోగా కొందరు రేటు పెంచమన్నారు, కొందరు మానుకున్నారు. మరికొందరిని 'అంబ్రెల్లా' కంపెనీలనే కొత్త దళారీల కిందికి నెట్టారు. ఆ కంపెనీ కాగితం మీద యజమాని. అయితే యజమాని కట్టవలసిన చందా, కంపెనీ కమీషను, చివరికి సెలవు జీతం కూడా ఆమెకు ముట్టవలసిన రేటులోంచే తీస్తారు.

నియమం పెట్టిన ప్రభుత్వమే దాన్ని సరిగా అమలు చేయలేకపోయింది. 2020-21లో కేంద్ర ప్రభుత్వ శాఖలు ఈ పొరపాట్ల కింద 26.3 కోట్ల పౌండ్లు బాకీపడ్డాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 ఫిబ్రవరిలో చెప్పింది.

ఇక అసలు విషయం. పన్ను చట్టం "నువ్వు ఉద్యోగివి" అని కోత కోస్తుంది. కార్మిక చట్టం మాత్రం ఆ మాటకు కట్టుబడి లేదు. పన్నుకు ఉద్యోగి అయిన మనిషి సెలవు అడిగేసరికి పరాయిదైపోతుంది. పన్నుల శాఖలోనే ఏజెన్సీ ద్వారా పనిచేసిన ఒక స్త్రీ సెలవు జీతం కోసం దావా వేస్తే, 2018లో 4,200 పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఆ ఏడాది మార్చిలోనే బీబీసీ వ్యాఖ్యాతలు పార్లమెంటు కమిటీ ముందుకొచ్చి, తమచేత బలవంతంగా కంపెనీలు పెట్టించారని చెప్పారు. కాన్సర్ చికిత్స జరుగుతున్నప్పుడు కూడా పనిచేయవలసి వచ్చిందని ఒకామె చెప్పింది. పేరున్నవాళ్ల గతే ఇదైతే పేరులేనివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

పన్ను అడగడమే అన్యాయమని నేననడం లేదు. ఆస్పత్రులూ బడులూ నడిచేది పన్నులతోనే. పన్ను ఎగ్గొట్టడానికి కంపెనీ వేషం వేసినవాళ్లను మనం వెనకేసుకు రానక్కర్లేదు. మన అభ్యంతరమల్లా రాజ్యం ఇచ్చే ఈ సగం గుర్తింపు మీదే. వసూలుకు పనికొచ్చే సగాన్ని ఉంచుకుని, హక్కునిచ్చే సగాన్ని వదిలేస్తోంది.

మన దగ్గర దారి వేరు. ఇక్కడ అవుట్‌సోర్సింగ్ మనిషికి కంపెనీ ఉండదు, ఆమె పైన ఏజెన్సీ ఉంటుంది. పన్ను పడేది ఏజెన్సీ బిల్లు మీద. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు పంచాయతీలకు, మునిసిపాలిటీలకు రాజ్యాంగం అప్పగించిన విధులకు సంబంధించి ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు అందించే సేవలకు పన్ను మినహాయింపు ఇచ్చారు. సరుకులు లేని, మనిషి శ్రమ మాత్రమే ఉన్న సేవలకు ఇది. ప్రభుత్వం నెలకొల్పిన అథారిటీలకు, ఇతర సంస్థలకు ఉన్న ఇదే మినహాయింపును 2022 జనవరి 1 నుంచి తీసేశారు. మనుషుల సరఫరా మీద పన్ను 18 శాతం. అది కమీషను మీదే కాదు, జీతం, పీఎఫ్ కలిసిన మొత్తం బిల్లు మీద పడుతుంది. పది లక్షల బిల్లుకు లక్షా ఎనభై వేలు. సంస్థ బడ్జెట్టు పెరగకపోతే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? అందులో ఎంతమంది ఊడ్చేవాళ్ల జీతాలున్నాయో మీరే లెక్కవేయండి. మనుషుల్ని తగ్గిస్తే మిగిలినవాళ్ల మీద చాకిరీ పెరుగుతుంది.

దారి లేదనుకోవద్దు. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే స్త్రీలకు ప్రసూతి సౌకర్యాలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2000 మార్చిలో తీర్పు చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసిపోయినా డాక్టరుకు ప్రసూతి ప్రయోజనం దక్కాలని 2023 ఆగస్టులో చెప్పింది. రెండుసార్లూ కోర్టు కాగితం మీది హోదా దగ్గర ఆగిపోలేదు, పనిచేసే స్త్రీని చూసింది.

కాబట్టి ఇకముందు మీరు పనిచేసే ఊళ్లో ఆస్పత్రికో, కార్పొరేషన్‌కో వెళ్లినప్పుడు సమాచార హక్కు చట్టం కింద ఏజెన్సీ బిల్లు నకలు అడగండి. అందులో జీతమెంత, పీఎఫ్ ఎంత, ఈఎస్ఐ ఎంత, కమీషనెంత, పన్నెంత అన్నది విడివిడిగా రాసి, ఆ బిల్లు ఎవరి పేర వచ్చిందో ఆ స్త్రీల మధ్య కూర్చుని చదవండి. తన పేర ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోందో, తన చేతికి ఎంత వస్తోందో ఆమెకు తెలియాలి. "నేను ఎవరి ఉద్యోగిని?" అని ఆమే అడగడం అక్కడినుంచి మొదలవుతుంది.