పెళ్ళి క్యాసెట్టు, డి.వి.డి. బిళ్ళ



మీలో చాలామంది ఇళ్ళల్లో బీరువా పైనో, ట్రంకు పెట్టె అడుగునో ఒక నల్లటి వీడియో క్యాసెట్టు ఉండే ఉంటుంది. అది పెళ్ళి క్యాసెట్టు. తలంబ్రాలు, అప్పగింతలు అందులో ఉన్నాయి. ఇప్పుడు లేని పెద్దవాళ్ళు అందులో నడుస్తారు, నవ్వుతారు. ఇవాళ దాని సంగతి మాట్లాడుకుందాం.

ఈ రకం క్యాసెట్టు 1976లో జపాన్‌లో వచ్చింది. లోపల సన్నని పొడుగాటి టేపు ఉంటుంది. టేపు మీద అయస్కాంతపు పూత ఉంటుంది. బొమ్మ, మాట ఆ పూతలోనే ఉంటాయి.

ఒకప్పుడు టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేసేవారు, గుర్తుందా? ఆ డెక్కులు రెండు రకాలు. వి.సి.పి. క్యాసెట్టును ఆడిస్తుంది, అంతే. వి.సి.ఆర్. ఆడిస్తుంది, రికార్డు కూడా చేస్తుంది. పాతది చెరిపి కొత్తది ఎక్కించవచ్చు. చిక్కంతా అక్కడే! ఇంట్లో పిల్లవాడు తెలియక క్రికెట్ ఆట ఎక్కించాడనుకోండి. పెళ్ళి చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. అందుకే క్యాసెట్టు అంచున ఒక మూల చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టారు. దాన్ని విరిచేస్తే ఇక దానిమీద రికార్డు కాదు.

డి.వి.డి. ప్లేయర్లు 1996లో జపాన్‌లో అమ్మకానికి వచ్చాయి. డి.వి.డి.లో టేపు లేదు, బిళ్ళ ఉంటుంది. బిళ్ళను లేజర్ వెలుతురు చదువుతుంది. ఏదీ రాసుకోదు కాబట్టి చూసినందువల్ల అరగదు. వెనక్కి తిప్పే పనీ లేదు. బొమ్మ తేటగా ఉంటుంది. కాని మామూలు డి.వి.డి. ప్లేయర్ రికార్డు చెయ్యదు. అది మన వి.సి.పి. లాంటిదే. రికార్డు చేసేది వేరే, దాని పేరు డి.వి.డి. రికార్డర్. కొట్టువాడు "అన్నీ చేస్తుందమ్మా" అంటాడు. డబ్బాలిచ్చే ముందు పెట్టె మీద ఏం రాసి ఉందో మీరే చదవండి. ప్లేయర్ అనా, రికార్డర్ అనా?

మరి పెళ్ళి క్యాసెట్టు మాటేమిటి? జపాన్‌లో ఫునై అనే కంపెనీ 2016 జులై దాకా వి.సి.ఆర్.లు చేసింది. తర్వాత అదీ ఆపేసింది. ఉన్న డెక్కు పాడైతే సామాను దొరకడం కష్టం. టేపుకి చెమ్మ తగిలితే బూజు పడుతుంది. తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని డెక్కులో పెట్టకండి. టేపూ పోతుంది, డెక్కూ పాడవుతుంది. ముందు తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించాలి.

మంచి డెక్కు దొరుకుతున్నప్పుడే క్యాసెట్టులోది బిళ్ళ మీదికి ఎక్కించుకోవాలి. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. ఎక్కించినంత మాత్రాన మసక బొమ్మ తేట కాదు. ఎండలో పెడితే, గీతలు పడితే ఆ బిళ్ళా పాడవుతుంది. కాబట్టి పెన్ డ్రైవులో ఇంకో నకలు ఉండాలి. అసలు క్యాసెట్టును పారెయ్యకండి.

బిళ్ళ మీద బాల్ పెన్నుతో రాస్తే గీత పడుతుంది. మెత్తటి మార్కరు పెన్ను తీసుకుని ఎవరి పెళ్ళి, ఏ ఊరు, ఏ తేదీ అన్నది మీ చేత్తోనే రాయండి.