నడిరేయి గుండెదడ



గడచిన వేసవిలో, నాపరాతి పనులలో శ్రమించు స్త్రీల ముచ్చట్లు సేకరించుటకై మేము కొలిమిగుండ్లకు పోయితిమి. నంద్యాల జిల్లాలో బెలుం గుహలున్న మండలము అది. ఉదయము తొమ్మిది గంటలకే నేల సెగలు గ్రక్కుచుండెను. రాళ్లకు పాలిషు పట్టు చోట, రేకుల నీడలో, మధ్యాహ్నపు బువ్వవేళ నలుగురైదుగురు స్త్రీలు మా చుట్టును కూర్చుండి, రాతిపొడిని గురించియు కూలిని గురించియు ధారాళముగా మాటలాడిరి. ముచ్చట ముగిసి మేము యంత్రమును సర్దుకొనుచుండగా వారిలో ఒకామె దగ్గరకు జరిగెను. ఆమెకు 45 ఏండ్లుండవచ్చును.

"అక్కా, ఆ మిషను ఆపినావా? ఒక మాట అడగల్ల. నడిరేత్రి గుండె దడదడా కొట్టుకుంటాది. లేసి కూకుంటా. ఒళ్లంతా చెమటలు. ఇంగ తెల్లారేదాకా నిద్దర రాదు. ఏమన్నా అయితాదేమో అని బయం. ఏమయితాదో నాకే తెలీదు."

పక్కనున్నామె నవ్వి, "మా ఊరి పేర్లోనే కొలిమి ఉంది గదక్కా, అది ఈమె ఒంట్లోకి వచ్చింది" అనెను. అందరు నవ్విరి. అడిగినామె మాత్రము నవ్వలేదు. గాలి సోకినదని అత్తగారు తాయెత్తు కట్టించిరట. ఏడాదిగా ముట్లు క్రమము తప్పినవి. ఒక నెల రావు. మరొక నెల పది దినములు ఆగవు. పట్నములో ఒక ఆసుపత్రివారు గర్భసంచి తీసివేసినచో అన్నియు సర్దుకొనునని చెప్పిరట. అందులకు కావలసిన పైకమునకై ఇంటిలోని పాడి ఎనుమును అమ్ముటకు నిశ్చయించుకొనిరి. "తీసేస్తే ఈ దడ పోతాదా అక్కా?" అని ఆమె అడిగినది.

మేము నాడు సరియైన బదులు చెప్పలేకపోతిమి. వైద్యులను అడిగి రేడియోలో చెప్పెదమంటిమి. "చెప్పు. రేడియోలో చెప్తే మా ఇంట్లోవాళ్లు గూడా ఇంటారు" అనినది. ఈ ప్రసంగము ఆమెకు మేము బాకీపడిన బదులు.

నిజమునకు ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. మాకును 47 ఏండ్లు నిండినవి. రెండేండ్ల క్రిందట ఒక రాత్రి స్టూడియోలో ఎర్రదీపము వెలిగి, మేము కాగితము చేతబట్టి మొదటి వాక్యము చదువబోవునంతలో గుండె ఒక్కసారిగా పరుగు లంకించుకొన్నది. ఆ చప్పుడు మైకునకు వినబడునేమోయని భయపడితిమి. ప్రసారము ఎట్లో ముగించితిమి. పిమ్మట రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చుట నిత్యకృత్యమైనది. ఇ.సి.జి. తీయించితిమి. కాగితముపై గీతలన్నియు సక్రమముగా ఉన్నవి. చూచిన వైద్యుడు "మీకేమియు లేదు, మనస్సు గట్టిపరచుకొనుడు" అని పంపివేసెను. గుండెజబ్బు లేదనుట ఊరటయే. కాని ఏమియు లేదనుట నిజము కాదు. ఉన్నదానిని లేదనిపించుకొని ఇంటికి వచ్చిన స్త్రీ, మరుసటి రాత్రి ఆ దడను మరింత ఒంటరిగా భరించును.

ముట్లుడుగుట అను మాట మన పల్లెలలో అందరకు తెలియును. పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రానిచో అది ముగిసినట్లు లెక్క. మన దేశములో అది సగటున 46, 47 ఏండ్లకు సంభవించును; పాశ్చాత్య దేశములలో 51 ఏండ్ల ప్రాంతమున. అయితే బాధలు ఆ దినమున ఆరంభము కావు. అంతకు ముందు నాలుగైదేండ్లు, కొందరికి అంతకు మించియు, ఒక సంధికాలము నడచును. వైద్యులు దానిని పెరిమెనోపాజ్ అందురు. మన వాడుకలో దానికి పేరు లేదు. పేరు లేనిదానికి గాలి యనియో, దయ్యమనియో పేరు పెట్టుట సులభము.

ఆ కాలమున జరుగునది ఇది. అండాశయములలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను రెండు స్రావములు పుట్టును. ఇవి మెట్లు దిగినట్లు నెమ్మదిగా తగ్గిపోవునని చాలమంది అనుకొందురు. అట్లు కాదు. వేసవిలో మన ఊళ్లకు వచ్చు కరెంటును తలచుకొనుడు: ఒక క్షణము దీపము భగ్గుమనును, మరుక్షణము మినుకుమనును. ఆ హెచ్చుతగ్గులకు మెదడులో వేడిమిని అదుపుచేయు భాగము మిక్కిలి సున్నితమై, ఒంటివేడి రవ్వంత పెరిగినను ఒళ్లు కాలిపోవుచున్నట్లు భ్రమించును. వెంటనే చర్మములోని రక్తనాళములు విప్పారును, చెమట పట్టును, గుండె వేగము హెచ్చును. ఆవిర్లు అనునవి ఇవియే. ఇక ప్రొజెస్టిరోను నుండి తయారగు ఒక పదార్థము మెదడును శాంతింపజేసి నిద్రకు తోడ్పడును. అండము విడుదల కాని నెలలలో అది కొరవడును. కావున నిద్ర పలుచబడును. పలుచని నిద్రలో ఆవిరి వచ్చినచో మెలకువ తప్పదు. మేల్కొన్న మనిషికి మొదట వినబడునది తన గుండె చప్పుడే. అది విని భయము, భయము వలన మరింత దడ. గానుగెద్దు తిరిగినట్లు ఇది తిరుగుచుండును.

ఇంతయు అండాశయముల పని. గర్భసంచి పాత్ర ఇందులో లేదు. అధిక రక్తస్రావము చేత రక్తము తగ్గి దడ వచ్చుచున్నచో అది వేరు మాట. దానికిని మొదట మందులున్నవి. ఈ సంధికాలపు దడకు, ఆవిర్లకు, నిద్రలేమికి మాత్రము గర్భసంచిని తీసివేయుట మందు కాదు. దానితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో, ఏండ్ల తరబడి రావలసిన మార్పు ఒక్క దినములో మీదపడును. వాటిని ఉంచి సంచిని మాత్రము తీసినను, అవి ఉడుగు కాలము కొంత ముందునకు జరుగవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు.

ఈ మాటను ఇంత నొక్కి చెప్పుటకు కారణము కలదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి 3 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగము ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగినవి. అనవసరముగా చేయు ఇట్టి ఆపరేషన్లను అరికట్టు మార్గదర్శక సూత్రములను అమలుపరుపవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. మన రాష్ట్రములోనే ఇంత ఏల? మాకు తోచునది ఒకటి చెప్పెదము. మన వివాహిత స్త్రీలలో పదిమందికి ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారే. ఒకసారి బల్లమీద పడుకొని లేచివచ్చిన వారికి రెండవసారి అంత పెద్దదిగా తోచదు. "పిల్లలు పుట్టిన తరువాత ఆ సంచితో పని ఏమి?" అను మాట మేము ఒక్క కొలిమిగుండ్లలోనే కాదు, చదువుకొన్నవారి ఇండ్లలోను వింటిమి.

మరి చేయవలసినదేమి? మొదట నాడి చూచుకొనుట నేర్వవలెను. కుడిచేతి చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని ఎడమ మణికట్టున బొటనవ్రేలి వైపు మెల్లగా మోపుడు. కొట్టుకొనుట తెలియును. గడియారము చూచి అర నిమిషము లెక్కించి, దానిని రెట్టింపు చేయుడు. ఇప్పుడే చూచుకొనుడు. మేము అర నిమిషము మాటలాడము.

(ఇచ్చట అర నిమిషము మౌనము.)

ఊరక కూర్చుండినపుడు 60 మొదలు 100 వరకు ఉండుట సహజము. దడ వచ్చినపుడు కొంత హెచ్చి, కొన్ని నిమిషములలో దిగివచ్చును. దిగిరాక 120కి పైగా నిలిచినను, లయ తప్పి అడ్డదిడ్డముగా కొట్టుకొన్నను, దానితో కండ్లు తిరిగి పడిపోయినను, రొమ్ములో గాని దవడలో గాని నొప్పి వచ్చినను, పది అడుగులు నడువగానే ఆయాసము కలిగినను, వయసు బాధలే అని ఊరకుండరాదు. 108కి ఫోను చేయవలెను. స్త్రీలకు గుండెపోటు ఒక్కొక్కపుడు నొప్పి లేకయే, వింత నీరసముగా వచ్చును.

ఇట్టివి లేనివారును ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనవలెను. 2019-21 సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తము తగ్గినచో గుండె రెట్టింపు శ్రమపడి దడదడలాడును. ఈ వయసులో ముట్టు అధికముగా పోయి, ఉన్న రక్తము కూడ తగ్గును. హిమోగ్లోబిను 12కి లోపు ఉన్నచో ఇనుము మాత్రలతోనే సగము దడ తగ్గవచ్చును. థైరాయిడు గ్రంథి అతిగా పనిచేసినను ఇవే లక్షణములు: దడ, చెమట, నిద్రలేమి, కంగారు. దానిని కూడ ఒక చిన్న పరీక్ష తేల్చివేయును. ఈ పరీక్షలకు ఎనుమును అమ్మనక్కరలేదు.

రాత్రి సంగతి. నాపరాతి గోడలు, మిద్దె ఉన్న ఇండ్లు పగటి వేడిని పీల్చుకొని నడిరేయి వరకు విడుచుచుండును. ఆవిర్లు వచ్చు స్త్రీ ఆ గదిలో, పొయ్యి ప్రక్కన, అందరికంటె చివర పడుకొనుట మన ఇండ్ల ఆచారము. ఆమె పడకను గాలి తగులు చోటునకు మార్చుడు. తడిగుడ్డ, చెంబెడు నీళ్లు దగ్గర ఉండవలెను. మధ్యాహ్నము దాటిన పిమ్మట టీ, కాఫీలు మానుడు. పనిచోట సాయంత్రము నాలుగింటికి త్రాగు టీ రాత్రి పదింటికి కూడ ఒంటిలో ఉండును. వక్కాకులో పొగాకు వేసికొను అలవాటున్నవారు అదియే గుండెను పరుగెత్తించునని తెలిసికొనవలెను. దడ వచ్చినపుడు గాలి నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు మెల్లగా విడుచుడు, అయిదు నిమిషములు. నిద్ర రానిచో పడకమీద పొర్లక లేచి కూర్చుండి, కన్ను మూతపడునపుడే మరల పడుకొనుడు. ఏ వేళకు నిద్రపట్టినను ఒకే వేళకు లేవవలెను. ఇది మొదటి వారము కడు కష్టము. మేము మూడవ వారమున గాని మేలు చూడలేదు.

ఇవి చాలనివారికి మందులు కలవు. కొరవడిన స్రావమును మాత్రగానో, చర్మముపై పూయు జెల్లుగానో ఇచ్చు చికిత్సను గురించి 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రపంచమంతట భయము రేపెను. అందులోని స్త్రీల సగటు వయసు 63 ఏండ్లు. తరువాతి పరిశీలనలలో, 60 ఏండ్లలోపు వారికి, ముట్లుడిగి పదేండ్లు దాటనివారికి సాధారణముగా కీడుకంటె మేలే ఎక్కువ యని తేలినది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తము గడ్డకట్టు జబ్బున్నవారికి అది పనికిరాదు. అట్టివారికి వేరు మాత్రలున్నవి. ఏది తగునో స్త్రీల వైద్యులే చెప్పవలెను, మందుల దుకాణమువారు కాదు.

భయమంతయు స్రావముల పనియే అనుట కూడ పొరపాటు. అప్పు ఉన్నది. పని దొరకని కొడుకున్నాడు. వాన రాని ఏడున్నది. రాత్రి మూడు గంటలకు అవియన్నియు మంచము చుట్టును చేరును. ఇంతకు పూర్వము, కాన్పు తరువాతనో మరెపుడో, మనోవ్యాధికి లోనైనవారికి ఈ కాలమున అది తిరిగి రావచ్చును. బ్రతుకుమీద విరక్తి తోచినచో ఆ మాటను దాచవలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు. అందులకు రుసుము లేదు. పురుష శ్రోతలకు కూడ ఒక మాట. ఆమె అర్ధరాత్రి లేచి కూర్చుండినపుడు "మళ్లీ మొదలైందా" అనవలదు. దీపము వేసి, నీళ్లిచ్చి, ఆమె నాడి లెక్కించునపుడు గడియారము పట్టుకొనుడు.

ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు, తెలిసిన విషయములను కొలిమిగుండ్ల సోదరికి ఫోనులోనే చెప్పితిమి. పది దినములకు ఆమె తిరిగి ఫోను చేసినది. నంద్యాల పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకొన్నదట. రక్తము 8 ఉన్నదట. మాత్రలు మింగుచున్నది. ఎనుము ఇంటిలోనే ఉన్నది. "మూడు గంటలకు మెలకువ వస్తానే ఉందక్కా. అది పోలేదు" అనెను. పిదప గొంతు తగ్గించి మరొక మాట అడిగినది: "మా అత్తకు అరవై ఏండ్లు. ముట్లు నిలిచి పదేండ్లు దాటినాది. మొన్న కోకకు మళ్లీ రక్తం కనపడింది. ఎవురికీ చెప్పద్దంటాది. ఇదీ వయసేనా?"

కాదంటిమి. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట ఒక్క చుక్క కనబడినను, నొప్పి లేకున్నను, అది గర్భసంచిలో క్యాన్సరునకు గురుతు కావచ్చును. అట్టిచోట ఆపరేషనే ప్రాణము నిలుపవచ్చును. ఆ వారములోనే అత్తగారిని వెంటబెట్టుకొని నంద్యాలకు పొమ్మంటిమి.